మైనం పగలగొట్టిన రేడియో

2014 అక్టోబరు 20, సోమవారం. ఉదయం పదకొండు గంటలు. షాపులో ఉన్నవారు: నేను, పక్క వాచీల కొట్టు సత్యం, చెరుకు రైతు అప్పలనాయుడు గారు, రెండు కళ్ళకూ చూపు లేదు, ఆయన బావమరిది సన్నాసి, మోపెడ్ మీద తీసుకొచ్చాడు.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు దగ్గర్లో నాకో రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. ఎవరు వచ్చారు, ఏ సెట్టు తెచ్చారు, దానికేమైంది, నేనేం చేశాను అన్నది షాపు తెరిచిన రోజు నుంచీ రాసుకున్నాను. రిటైరయ్యాక ఆ డైరీలన్నీ వరసగా చదివితే, నేను బాగుచేసిన సెట్లకన్నా పాడుచేసిన ఒక సెట్టే ఎక్కువగా గుర్తుండిపోయిందని తెలిసింది.

హుద్‌హుద్ తుపాను వెళ్ళి ఎనిమిది రోజులైంది. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఊరు కొద్దికొద్దిగా తేరుకుంటోంది. టీ కొట్టువాడు అద్దె జనరేటరు పెట్టి సెల్‌ఫోన్లు చార్జింగ్ చేస్తున్నాడు. అక్కడ ఫోను పెట్టి నిలబడ్డవాళ్ళు పేపరు తలో పేజీ పంచుకుని చదివేవారు. టీవీలు మూగబోయాయి కనుక జనం అటకల మీది పాత రేడియోలు దించారు. అప్పటికి కొన్నేళ్ళుగా నా దగ్గరికి మిక్సీలూ టీవీ రిమోట్లూ తప్ప రేడియో అన్నది ఎప్పుడోగాని వచ్చేది కాదు. ఆ వారం మాత్రం బల్ల మీద మళ్ళీ తోలు తొడుగుల సెట్లు వరసగా కూర్చున్నాయి. కరెంటు లేదు కనుక సోల్డరింగ్ ఐరన్ బదులు, మా గురువుగారు వాడిన రాగి కడ్డీని బొగ్గుల కుంపటిలో కాల్చి అతుకులు వేశాను. ఆ వాసనకు ఇరవై ఏళ్ళ వయసు తిరిగొచ్చినట్టుండేది. దిగులుపడాల్సిన రోజుల్లో సంతోషంగా ఉన్నానని డైరీలో రాసుకున్నాను కూడా.

వచ్చిన సెట్లన్నిటిదీ ఒకటే వరస. సెల్స్ వేస్తే బుస్సుమనే శబ్దం వస్తుంది, స్టేషను రాదు. మీడియం వేవ్ మీద పగటిపూట మా ఊరికి అందేది దగ్గరి స్టేషను ఒక్కటే. దూరపు స్టేషన్లు చీకటి పడ్డాకే పలుకుతాయి. కరెంటు లేక నేను పొద్దుండగానే కొట్టు కట్టేస్తున్నాను. షాపు రేకు లేచిపోయి నా సొంత సెట్టు కూడా తడిసింది, అదీ బుస్సుమంటోంది. అన్నిటిలోనూ చెమ్మ చేరిందని తేల్చేశాను.

"ఊళ్ళో రేడియోలన్నిటికీ ఒకటే రోగమేటి మామా? ఇదేటి కలరానా?" అని సత్యం ఎగతాళి చేశాడు. వాచీల సంగతి చూసుకోమన్నాను.

అప్పలనాయుడు గారు తన రేడియోను తువ్వాలులో చుట్టి, పొట్టకు ఆనించుకుని తెచ్చారు. డెబ్బై దాటిన మనిషి. తుపానుకు చెరుకంతా నేలకు ఒరిగిపోతే ఇంటిల్లిపాదీ పొలంలో దాన్ని లేపి కడుతున్నారట. ఆయన ఒక్కరే పాకలో కూర్చుని ఉంటారు. రైతుల కార్యక్రమం వస్తే ఈ వేళ, పాటలు వస్తే ఆ వేళ అని రేడియోతోనే రోజు గడిపే మనిషి. ఎనిమిది రోజులుగా పొద్దు ఎప్పుడు పొడిచిందో, ఎప్పుడు గుంకిందో ఇంకొకర్ని అడగాల్సి వస్తోందని సన్నాసి చెప్పాడు. అడగడం ఆయనకు ఇష్టం ఉండదట, అడగకుండా ఊరుకుంటున్నారట.

ఆయన తన సెట్టు నా చేతికి వెంటనే ఇవ్వలేదు. "ఓపాలి మీ సెట్టు ఎట్టండి బాబూ" అన్నారు.

నాదీ తడిసిందని చెప్పి, పెట్టి వినిపించాను. చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నారు.

"సెట్టు బతికే ఉందండి. సచ్చిపోతే ఈ బుస్సు కూడా ఉండదు. అటేపు స్టేషన్లో మడిసే లేడు."

"పెద్దాయనా, నేను షాపు పెట్టినకాడి నుంచి ఆ స్టేషను ఒక్క రోజు ఆగలేదు" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయారు. అప్పటికే నేను ఆయన సెట్టు అందుకుని స్క్రూడ్రైవర్ చేతపట్టాను.

రేడియో లోపల చిన్న రేకు డబ్బీల్లో కాయిల్స్ ఉంటాయి. ఒక్కోదాని నడుమ స్క్రూలాంటి ముక్క ఉంటుంది. కంపెనీలో దాన్ని మీటరు పెట్టి సరిగ్గా తిప్పి, మళ్ళీ కదలకుండా మైనం వేసి మూస్తారు. దీన్ని అలైన్‌మెంట్ అంటాం. అది చెడితే స్టేషను ఉన్నచోట దొరకదు. ఆ మైనం పగలగొట్టేవాడు మెకానిక్కే కాదని మా గురువుగారు అనేవారు. ఏదైనా స్టేషను పలుకుతుంటే తప్ప, లేదా కరెంటుతో నడిచే మీటరుంటే తప్ప దాన్ని తిరిగి కుదర్చలేం. ఆ రోజు నాకు రెండూ లేవు. అయినా మైనం గీకేశాను. ఎక్కడ ఉన్నదో గుర్తు కూడా పెట్టుకోకుండా నాలుగు కాయిల్స్‌నూ అటూ ఇటూ తిప్పాను. బుస్సు సన్నబడిందే గాని మాట రాలేదు. రేపు రమ్మన్నాను.

మర్నాడు, మంగళవారం, ఆరున్నరకు షాపు తెరిచి అలవాటుగా నా సెట్టు వేశాను. ఆడమనిషి గొంతు వార్తలు చదువుతోంది. నేను దాన్ని విప్పనైనా విప్పలేదు. అవే సెల్స్ తీసి రెండో సెట్టులో వేశాను, పలికింది. మూడోదీ, నాలుగోదీ పలికాయి. అప్పలనాయుడు గారిది మాత్రం ఈల వేసింది.

సత్యం గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. "ఊళ్ళో సెట్లన్నీ ఒక్క పొద్దులో కుదురుకున్నాయి మామా. నువ్వు సెయ్యెట్టిందొక్కటే మంచాన పడ్డాది."

ఇప్పుడు స్టేషను ఉంది కనుక చెవితో కుదర్చడానికి కూర్చున్నాను. ఎనిమిదింటికి మాట వచ్చింది. వెనక సన్నగా ఈల ఉన్నా, చెమ్మ ఇంకా ఆరలేదని చెప్తే సరిపోతుందనుకున్నాను. అలా అనుకున్నానని కూడా డైరీలో ఉంది.

ఎనిమిదిన్నరకు మోపెడ్ ఆగింది. అప్పలనాయుడు గారు సెట్టు ఒళ్ళో పెట్టుకుని, తడుముకోకుండా బొటనవేలితో నాబ్ ఒకచోటికి తిప్పి ఆపారు. బుస్సు. కాసేపు ఆగి ఇంకొంచెం తిప్పారు. గొంతు వినిపించింది. ఆయన ముఖం మాత్రం విచ్చుకోలేదు.

"ఈడుండీది కాదండి" అన్నారు.

చెమ్మ మాట నా నోట రాలేదు. తుపానుకు స్టేషనే ఆగిపోయిందనీ, బాగున్న సెట్టును నేనే చెడగొట్టాననీ చెప్పాను. సన్నాసి గట్టిగా తగులుకున్నాడు. "మా బావకి ఉన్నదదొక్కటే కదేటి. దాన్నీ ఇలా సేసీసేరా?"

"నువ్వుండ్రా" అని ఆయన నా వైపు తిరిగారు. "సీకటడ్డాక రోజూ అరవ స్టేషను యినపడతానే ఉందండి బాబూ. సెట్టు బాగుందని నాకు తెల్సు. మీ సెట్టులోనన్నా మన స్టేషను వత్తాదేమో ఇందామనొచ్చేను. రిపేరు కాదు. మీరడగనేదు."

కోపంగా అని ఉంటే తేలిగ్గా ఉండేది. మామూలు విషయం చెబుతున్నట్టు అన్నారంతే.

ఇద్దరం బల్ల దగ్గర కూర్చున్నాం. స్టేషను ఎక్కడ ఉండేదో ఆయన వేలికి తెలుసు. నాబ్ అక్కడ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు. నేను కాయిల్‌ను వెంట్రుకవాసి తిప్పుతుంటే, "ఎనక్కి", "ఇంకాస్త", "సాలు" అని చెప్పారు. నాకు వినపడని ఈల ఆయనకు వినపడేది. వార్తలైపోయి పాటలు మొదలయ్యాయి. ఒక్కో కాయిల్ కుదిరాక కొవ్వొత్తి వెలిగించి చుక్క మైనం వేశాను. పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర.

ఆ రోజు నుంచి నా డైరీలో సెట్టు పేరుకూ, దానికేమైందన్న మాటకూ మధ్య ఇంకో వరస చేర్చాను: తెచ్చినవారు ఏమి విన్నారు. అది నింపకుండా తర్వాత ఏ సెట్టు స్క్రూ విప్పలేదు. ఇరవై ఏళ్ళప్పుడే చేర్చి ఉండాల్సింది.

సెట్టును తువ్వాలులో చుట్టబోతే వద్దన్నారు. పాడుతున్నదాన్ని అలాగే పొట్టకు ఆనించుకుని మోపెడ్ వెనక కూర్చున్నారు. బండి కదలగానే బావమరిది వీపు మీద తట్టారు.

"మెల్లగా తోల్రా. గాలికి పాట యినపడదు."