తీతువు గుడ్ల చుట్టూ తుమ్మ కంప

మా చిన్నప్పుడు అది బీడు కాదు శ్రీనూ... చెరువు.

నిన్న నా పోస్టు కింద "ఊరికే పడి ఉన్న బీడు భూమే కదా చిన్నమ్మా, పిట్టలు ఇంకోచోటికి పోతయి" అని రాశావు. ముందు దాన్ని సరిదిద్దనివ్వు. ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగితే బయటపడే చెరువు నేలను శిఖం అంటారు. వానలు పడితే అది మళ్లీ చెరువే. నీళ్లు లేనప్పుడు చూసి బీడు అనడం, నిద్రపోతున్న మనిషిని చూసి శవం అనడం లాంటిది.

మిగతావాళ్ల కోసం చెబుతున్నాను... శ్రీను మా అక్క కొడుకు. జహీరాబాద్‌లోనే ఉంటాడు. చదువుకున్నవాడే.

న్యాల్‌కల్ వైపు మా ఊళ్లో, నీళ్లు తగ్గేకొద్దీ వాటి వెనకే శిఖం దున్ని దోస, పుచ్చ పెట్టేవాళ్లు. మా బాపు అరక తోలుతుంటే విత్తనాల గంపతో నేను వెనక నడిచేదాన్ని. ఉన్నట్టుండి తల మీద తీతువు పిట్ట ఒకటే అరుపు... ఊరందరికీ ఆ అరుపు అపశకునం. మా అవ్వయితే చెవులు మూసుకుని దేవుళ్లందరినీ పిలిచేది.

బాపు మాత్రం ఎద్దుల్ని ఆపేవాడు.

"ఆగు బిడ్డా, కాలు కదపకు. గీడనే యాడ్నో పెట్టింది. అది ఒర్లేది మన చావుకు కాదు, దాని గుడ్లకు."

వెతికితే గులకరాళ్ల నడుమ, గులకరాళ్ల రంగులోనే గుడ్లు... గూడు లేదు, గడ్డిపరకైనా లేదు. బాపు గట్టు మీది తుమ్మ కంప కొట్టుకొచ్చి చుట్టూ పెట్టేవాడు. ఇక ఎవరి అరకైనా ఆ కంపను చుట్టి పోవాల్సిందే. పిల్లలు బయటపడి నడిచి వెళ్లాకే కంప తీసి ఆ ముక్క దున్నేవాళ్లు. అందుకే ఎదిగిన తీగల మధ్య అక్కడక్కడా ఆలస్యంగా మొలిచిన పొట్టి మచ్చలు కనిపించేవి. ఒక్క మచ్చా లేని రైతును చూసి మిగతావాళ్లు నవ్వేవాళ్లు...

"ఏందిరా, పిట్టకు గూడ నీ మీద నమ్మకం లేదా?"

ఇప్పుడు ఆ ఒడ్డున 'పక్షుల రక్షిత ప్రాంతం' అని బోర్డు ఉంది. మంచి బోర్డు. కాళ్లు లేకపోయినా రెండుసార్లు లోపలికి నడిచింది. అది వదిలి వెళ్లిన నేల మీద మొరం పోశారు, హద్దురాళ్లు పాతారు. చలికాలం వచ్చే బాతులు ఈసారి పైన ఓ చుట్టు తిరిగి వెళ్లిపోయాయి... దిగడానికి నీళ్లు కనపడాలి కదా.

తీతువు మాత్రం పోలేదు. మొరాన్ని గులకరాళ్ల నేల అనుకుంది పిచ్చిది... ప్లాటులో గుడ్లు పెట్టింది.

ఆదివారం వెళ్లి చూశాను. మండే ఎండ. ఆ పిట్ట నీళ్లదాకా పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి, గుడ్ల మీద కూర్చుంటోంది. తడి ఆరగానే మళ్లీ పోతోంది. పూర్వం నీళ్లు పక్కనే ఉండేవి. ఇప్పుడు అంత మొరం దాటి వెళ్లి వచ్చేలోపు గుడ్లు ఉడికిపోతాయేమోనని నా ప్రాణం కొట్టుకుంది. ఇన్ని చదువులు చదివీ ఏం చేయాలో తోచలేదు. చివరికి మా బాపు చేసిందే చేశాను... కంప పెట్టాను.

కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందవ్వా, కబ్జా చేస్తున్నవా? కంప ఏసినవంటే జాగా నాదన్నట్టే గదా!"

"నేను చేస్తే పిట్టంత జాగా చేస్త బిడ్డా. మీ లెక్క చెరువంత చేసుడు నాకు యాడొస్తది?"

"నాకేం ఎర్కలేదవ్వా. మాలిక్ చూస్తే నా నౌకరీ పోతది. బుధవారం రోలర్ వస్తది, అంతా సాఫ్ చేస్తరు."

"ఈ ప్లాటు ఎవలది?"

"జహీరాబాద్ శ్రీను సార్‌ది. గిదంతా బీడే అని ఆయన గూడ అన్నడు."

కంప తీసి అవతలికి విసిరేశాడు. అతణ్ని ఏమని తప్పుపట్టను? ఆ కంపను చూసి ఎద్దుల్ని పక్కకు తిప్పిన మనుషులు ఉండేవారని అతనికి ఎవరు చెప్పారు గనక?

ఒక పిట్ట అరిస్తే అరకలు ఆగిన ఊరు మాది... ఇవాళ ఒక్క రోలర్‌ను ఆపమని కొడుకు వరసవాణ్ని అందరి ముందూ బతిమాలుతున్నాను. పిట్ట కోసం ఆలస్యంగా దున్నిన అలాంటి మచ్చలు మీ ఊళ్లో ఎవరైనా చూసి ఉంటే రాయండి. అదంతా నేను కలగన్నానేమోనని భయం వేస్తోంది.

శ్రీనూ, నువ్వు మాత్రం ఏమీ రాయకు. రేపు పొద్దున, ఎండ ఎక్కకముందే వెళ్లు. మీ అమ్మ అటక మీద పడేసిన వెడల్పాటి మట్టి మూకుడు ఉంటుంది, తీసుకుపో. ఈశాన్యం మూల హద్దురాయి పక్కన ఉన్నాయి గుడ్లు... వాస్తు చూసుకునే పెట్టినట్టుంది, నీలాగే. మూకుడు వాటికి మరీ దగ్గరగా పెట్టకు, పిట్ట బెదురుతుంది. అది పొట్ట తడుపుకోవడానికి వేలెడు లోతు నీళ్లు చాలు. "ప్లాటు నాది, రోలర్ ఇటు రావద్దు" అని కాపలా మనిషికి నీ నోటితో చెప్పు. నా మాట అక్కడ చెల్లదు, నీది చెల్లుతుంది.

మధ్యాహ్నానికి మూకుడు ఎండిపోతుంది. ఇంకోసారి వెళ్లి నింపు.