చర్చి గోడలో సువర్ణ చెయ్యి

సుందరమ్మ దగ్గర కూతురి ఫొటో లేదు. రాజోలు తీసుకెళ్ళి తీయిద్దాం అనుకుంటుండగానే సువర్ణ జ్వరం తగిలి పోయింది. మిగిలింది చర్చి పడమటి గోడలో ఒక ఇటుక, దానిమీద పిల్ల అరచేతి గుర్తు.

ఆ చర్చికి పేటవాళ్ళే ఇటుకలు కోసుకున్నారు. ఉప్పునేల మట్టి కావడంతో కాలాక ఎర్రగా రాకుండా బియ్యం కడుగు రంగులో వచ్చాయి. ఇంటికో పిల్లచేత పచ్చి ఇటుక మీద చెయ్యి అద్దించి, ఆ ఇటుకలన్నీ గోడలో ఒక వరసగా పేర్చారు. తల్లి చంక దిగనని గోలపెట్టిన సువర్ణ, దిగాక చెయ్యి తియ్యనని గోలపెట్టింది.

కోనసీమ వానలకి లేతరంగు గోడ లేతగా ఎన్నాళ్ళుంటుంది? శ్రావణం దాటేసరికి పచ్చగా పాచి పట్టేది, ముందు ఆ చేతుల గుంటల్లోనే పట్టేది. చర్చి ఊడ్చే సుందరమ్మే ఏటా క్రిస్మస్ ముందు దాన్ని వదిలించేది. గోడ బాగా తడిపి, కుంకుడు రసం పట్టించి, నాననిచ్చి, మెత్తటి కొబ్బరిపీచుతో పైనుంచి కిందికి తుడిచేది. గీకడం అనేది లేదు. మిగతా పిల్లల చేతులకి ఏడాదికోసారి. సువర్ణ చేతికి మాత్రం ప్రతి శనివారం, పాచి ఉన్నా లేకపోయినా, కూతురికి తలంటినట్టే.

ఎనభై మూడులో చర్చికి రజతోత్సవం వచ్చింది. సంఘపెద్ద వరప్రసాదం మేష్టారు బడి నుంచి రిటైరయ్యారు గానీ బెత్తం మాత్రం నోట్లోనే ఉంచుకున్నారు. యాసిడ్ సీసా, ఇనపతీగల బ్రష్షు తెచ్చి సుందరమ్మ ముందు పెట్టారు.

"గోడ మెరిసిపోవాలి. ఆదివారం బిషప్పుగారు వస్తున్నారు."

"కుంకుడు రసంతో నిదానంగా చేస్తానండి మేష్టారూ. యాసిడ్ ఇటుకని తినేస్తదండి."

"నీ నిదానం కోసం బిషప్పుగారు ఆగుతారా? ఆదివారానికి ఏ ఇటుక పచ్చగా కనబడినా సిమెంటు పూయించేస్తాను. నీ కూతురిదైనా సరే."

"ఆయ్" అంది సుందరమ్మ. అనక ఏం చేస్తుంది? ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

ముందుగా పరాయి పిల్లల చేతులమీద పోసి చూసింది. పాపం కాదా అంటే పాపమే, ఆ పూట ఆమెకది పట్టలేదు. బుసబుసా పొంగి పాచి పోయింది, చేతులు నిలిచాయి. ఆ ధైర్యంతో యాసిడ్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి సువర్ణ చేతిమీద పోసింది. శనివారం శనివారం తాను తోమిన తోముడికి ఆ ఇటుక పైపొర ఎప్పుడో అరిగిపోయిందని ఆమెకి తెలీదు. పొంగు తగ్గాక పీచుతో తుడిస్తే ముందు వేళ్ళు పోయాయి. కంగారుపడి మళ్ళీ తుడిస్తే అరచెయ్యీ పోయింది. పీచుకి అంటిన తెల్లపొడి చూసుకుని, బిడ్డని రెండోసారి చంపుకున్నానని గోడకేసి తల బాదుకుంది.

ఆదివారం బిషప్పుగారు గోడ చూసి మెచ్చుకున్నారు. "మా సుందరమ్మ పనితనమండి" అని మేష్టారు ఆమెని ముందుకి నెట్టారు. ఆమె దణ్ణం పెట్టింది.

యాసిడ్ తాగిన ఇటుకలు మరుసటేడు వాననీళ్ళు కూడా తాగాయి. పాచి రెట్టింపు పట్టింది. మేష్టారు మళ్ళీ కబురు పెట్టారు. ఈసారి గొంతులో కాస్త తియ్యదనం ఉంది.

"మా అబ్బాయి యేసురత్నం చెయ్యి జాగ్రత్త సుందరమ్మా. దానికి మాత్రం కుంకుడు రసమే వాడు."

"ఆయ్, అలాగేనండి" అంది.

గోడంతా కుంకుడు రసంతోనే కడిగింది. యేసురత్నం చేతిమీద ఒక్కదానిమీద సీసాడు యాసిడ్ వంపి, గుర్తన్నది మిగలకుండా ఇనప బ్రష్షుతో గీకేసింది. పని పోతే పోయింది, ఆ మనిషి మొహం చూడాలి. అందుకే ఇంటికి పోకుండా అక్కడే నిలబడింది.

మేష్టారు వచ్చారు. కళ్ళజోడు సవరించుకుని ఇటుకని తడిమి చూశారు. సుందరమ్మ ఆయన మొహంలోకే చూసింది.

"పోయిందేంటి? పోనీలే, దానికేముంది సుందరమ్మా" అని నవ్వేశారు ఆయన. "మావాడి చెయ్యి మావాడికి ఉందిగా. కాకినాడ బ్యాంకులో రోజూ సంతకాలు పెడుతున్నాడు."