సార్ మెట్ల మీద చెప్పిన ఏడు ఆకాశాలు

మే పద్నాలుగు, గురువారం. పొద్దున తలుపు తీయగానే మొదటి వింత: మా పేపరు మడత విప్పకుండా ఉంది.

మా ఇంటికి వచ్చే పేపరును మాకంటే ముందు చదివేది నాలుగో అంతస్తులో ఉండే సార్. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మెట్లు దిగి వచ్చి, మా గుమ్మం ముందు నిలబడే చదివేవారు. అచ్చుతప్పులకు ఆకుపచ్చ సిరాతో సున్నాలు చుట్టి, ఇస్త్రీ చేసినట్టు మడిచి పెట్టి వెళ్ళేవారు. పదకొండేళ్ళుగా మేం చదివింది దిద్దిన పేపరే. ఆ రోజు ఒక్క సున్నా కూడా లేదు. పేపరువాళ్ళు ఇవాళ బుద్ధిగా పని చేసినట్టున్నారు అని నవ్వుకుంటూ లోపలికి తెచ్చాను.

పది నిమిషాలకు అమ్మమ్మ ఫోన్ మోగింది. సార్ భార్య, మేం చాచీ అని పిలిచే ఆమె. సార్ నమాజు చేసే చాప, జానమాజు మీదే ఒరిగిపోయారట. మళ్ళీ లేవలేదట.

ఆ రోజు మాకు ఆరోహణ దినం. యేసు పరలోకానికి ఎక్కిపోయిన రోజు. ఈస్టర్ నుంచి లెక్కపెడితే నలభయ్యో రోజు, ఎప్పుడూ గురువారమే. ఆరాధనకు వెళ్దామని అమ్మమ్మ అప్పటికే తెల్లచీర కట్టుకుని ఉంది. ఆ చీరతోనే నాలుగో అంతస్తుకు వెళ్ళి చాచీ చెయ్యి పట్టుకుంది. "ఈ రోజే దొరికిందా అమ్మా ఈయనకి? వాదనలో గెలవడానికి మాస్టారు ఏ పనైనా చేస్తారు" అంది. చాచీ ఏడుస్తూనే నవ్వింది.

సార్ వికారాబాద్ వైపు పల్లెలో ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకు వచ్చారు. మాది గుంటూరు వైపు. అమ్మ నర్సు, డ్యూటీలు ఎప్పుడూ వేళ తప్పి ఉండేవి. అందుకని నన్ను పెంచింది సగం అమ్మమ్మ, సగం సార్.

సార్‌కు లిఫ్ట్ అంటే పడేది కాదు. "లిఫ్టు మనిషిని మోస్తది గని ముచ్చటను మొయ్యది" అనేవారు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి లిఫ్ట్ చెడిపోయింది. బస్తాలాంటి స్కూలు బ్యాగుతో పార్కింగ్‌లో కూర్చుని ఏడుస్తున్నాను. సార్ వచ్చి బ్యాగు భుజానికి తగిలించుకున్నారు.

"లే బిడ్డా, ఆకాశాలెక్కుదాం. గీ కార్లు పెట్టే జాగ భూమి అనుకో. మొదటి అంతస్తు మొదటి ఆకాశం. అక్కడ ఎవరుంటరో చెప్పు?"

"కుక్క ఉన్న అంకుల్."

సార్ రెండు మెట్లు ఎక్కి, ఆగి, కడుపు పట్టుకుని నవ్వారు. "కుక్క అంకుల్ గాదు. ఆదం ఉంటరు. అందరి తాత."

రెండో అంతస్తులో మా ఇల్లు. గుమ్మం దగ్గర ఆగారు. "రెండో ఆకాశంల ఈసా, యహ్యా. అంటే మీ యేసు, ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన యోహాను. ఇల్లు సరైన అంతస్తులనే తీసుకున్నరు మీరు."

వాకిట్లో కూరగాయలు తరుగుతున్న అమ్మమ్మ చెయ్యి ఆపింది. "ఏంటండీ మాస్టారూ, మా ప్రభువు రెండో అంతస్తులోనా? తండ్రి కుడిపక్కన, అన్నిటికన్నా పైన కూర్చున్నారండీ ఆయన."

"మీ నమ్మకం గట్లనే చెల్లె, కాదంటలేను. మా ప్రవక్త గారు మేరాజ్ రాత్రి పైకి పోతుంటే ఎవరెవరు ఏడ కలిసిన్రో పొల్లకు చెప్తున్న. మీ మాట యాదిల ఉన్నదనే డాబా తాళంచెవి మీ ఇంట్ల పెట్టిన గద!"

డాబా తాళంచెవి నిజంగానే మా ఇంట్లో మేకుకు వేలాడుతుంటుంది. అమ్మమ్మ కత్తిపీట ముందు నుంచి లేచి మాతోపాటు మెట్లెక్కింది. అలా ముగ్గురం వెళ్ళాం. మూడో అంతస్తులో యూసుఫ్, మా యోసేపు. నాలుగో అంతస్తులో ఇద్రీస్. ఈయనే మీ హనోకు అని చాలామంది అంటరు, ఆయననూ దేవుడు పైకే ఎత్తుకున్నడు అన్నారు సార్. అయిదులో హారూన్. ఆరులో ఆయన తమ్ముడు మూసా, మా మోషే. డాబా మీద ఏడో ఆకాశం, అక్కడ ఇబ్రహీం. నా బ్యాగు ఇబ్రహీం దాకా వెళ్ళి, మళ్ళీ రెండో అంతస్తుకు దిగింది.

ఆ తర్వాత అదొక ఆచారమైంది. ఏడాదిలో రెండు సాయంత్రాలు, మేరాజ్ పండుగకు ఒకటి, ఆరోహణ దినానికి ఒకటి, డాబా మీద కుర్చీలు పడేవి. చాచీ సొరకాయ ఖీరు తెచ్చేది. అమ్మమ్మ పాకం గారెలు చేసేది. ఎదురుగా అద్దాల ఆఫీసులకు దీపాలు వెలుగుతుంటే, ఇక్కడ వీళ్ళిద్దరి వాదన వెలిగేది.

"మీ ప్రవక్త గారు వెళ్ళి అదే రాత్రి తిరిగొచ్చేశారా?" అని ఒకసారి అమ్మమ్మ అడిగింది.

"వచ్చిన్రు. ఉత్త చేతులతోటి రాలే, నమాజు తెచ్చిన్రు. ముందుగాల రోజుకు యాభై పూటలు. దిగుతుంటే మూసా ఆపిండు. నీ జనం మొయ్యలేరు, మళ్ల పోయి తగ్గించమని అడుగు అన్నడు. అట్ల పోంగ రాంగ అయిదు పూటలకు వచ్చింది."

అమ్మమ్మ ముఖం విప్పారింది. "మా మోషే ఎక్కడున్నా అంతేనండీ. జనం కోసం బతిమాలకుండా ఉండలేడు."

తేడా వచ్చేది యేసు దగ్గరే. ఆయన సిలువ మీద చనిపోయి, మూడో రోజు లేచి, నలభై రోజులు శిష్యులకు కనబడి, వాళ్ళు చూస్తుండగానే మేఘంలోకి వెళ్ళాడని మా నమ్మకం. ఆయన సిలువ మీద చనిపోనే లేదని, అల్లాహ్ ఆయనను తన దగ్గరికి ఎత్తుకున్నాడని సార్ నమ్మకం. తిరిగి వస్తాడని మాత్రం ఇద్దరూ నమ్ముతారు. "ఒకే స్టాపుల నిలబడ్డం చెల్లె, బస్సు నంబరు మీదనే పంచాయితీ" అనేవారు సార్. "నంబరు తప్పు చెప్తే నేనూరుకోనండి" అనేది అమ్మమ్మ. గారెలు అయిపోయేవి, పంచాయితీ తెగేది కాదు.

ఇప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. ఈ వాదననే కాలేజీ సెమినారుకు వ్యాసంగా రాశాను: ఆరోహణం గురించి ముస్లింల నమ్మకం, క్రైస్తవుల నమ్మకం. కొత్త మాట దొరికితే చాలు వాడేయాలనిపించే వయసు నాది. వ్యాసం చివర గొప్పగా ఒక వాక్యం పెట్టాను: "చివరికి రెండు మతాలూ చెప్పేది ఒకటే." మంగళవారం సార్‌కు ఇచ్చాను.

ఆయన కాగితాలు తీసుకుంటూ షరతు పెట్టారు. "మా మాట రాసిన కాడ నేను తలూపాలె. మీ మాట రాసిన కాడ మీ అమ్మమ్మ తలూపాలె. ఇద్దరం ఊపితెనే అయినట్టు. గురువారం పేపరుతోని పెడ్త."

గురువారం ఏమైందో చెప్పాను కదా. సాయంత్రం అసర్ నమాజు తర్వాత సార్‌ను ఖననానికి తీసుకెళ్ళారు. మోసేవాళ్ళు మెట్ల మీదుగానే దిగారు. అప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. సెమినారు తేదీ దగ్గర పడుతోంది, తలూపాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. పరాయి నమ్మకాన్ని ఆయన తలూపకుండా నలుగురి ముందు ఎలా చదవాలి?

నిన్న చాచీ పిలిచి ఆ కాగితాలు, సార్ ఆకుపచ్చ పెన్ను ఇచ్చింది. ఆయన నమాజు టోపీ కింద ఉన్నాయట. సార్ అంతా దిద్దేశారు.

ముస్లింల భాగంలో "ఈసా వెళ్ళాడు" అన్న చోట "వెళ్ళలేదు, అల్లాహ్ ఎత్తుకున్నాడు" అని మార్చారు. అంతే. ఆకుపచ్చ సిరా అంతా మా భాగంలో ఉంది. నేను అందులో సిలువ ఊసే ఎత్తలేదు. సార్ ఒప్పుకోని సంగతి ఆయనకు చూపించడం మర్యాద కాదనుకుని, కొండ మీద మేఘంతో మొదలుపెట్టాను. పక్కన సార్ రాసింది ఇది: "సిలువ ఏది బిడ్డా? సమాధి ఏది? మూడో రోజు ఏది? నా కోసం దాచినవా? నా మీద గౌరవం ఉంటే మీది పూరా చెప్పు." నా గొప్ప వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, కింద: "ఒకటే అయితే పదకొండేండ్లు డాబా మీద మేం దేనికి కొట్లాడినట్టు?"

అమ్మమ్మకు చదివి వినిపించాను. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత కళ్ళ నీళ్ళు అలాగే ఉన్నాయి, నవ్వు ఆగింది.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నమంతా తిరగరాశాను. సిలువ, సమాధి, మూడో రోజు అన్నీ పెట్టాను. అమ్మమ్మ తలూపింది. అలవాటుగా ముస్లింల భాగం కూడా చదివాను. మధ్యలో ఆపింది.

"ఏమన్నావ్? మళ్ళీ చదువు."

"క్రైస్తవులు నమ్ముతారు... ముస్లింలు అనుకుంటారు..."

"మనదేమో నమ్మకం, వాళ్ళదేమో అనుకోవడమా? మాస్టారు ఉంటే ఇంత సున్నా చుట్టేవారు."

సార్ అక్కడ సున్నా చుట్టలేదు. చూడలేదో, చూసి మాకే వదిలేశారో తెలియదు. దిద్దాను. "ముస్లింలు నమ్ముతారు" అని మళ్ళీ చదివాను. అమ్మమ్మ కళ్ళు మూసుకుని, సార్ ఊపినట్టే, గడ్డం కొంచెం పైకెత్తి తలూపింది.

చివరి వాక్యం మాత్రం ఇంకా రాయలేదు. ఆ జాగా ఖాళీగా ఉంచాను. రేపు పది గంటలకు సెమినారు. అంతకు ముందు ఆరింటికి, పేపరు రాగానే, పార్కింగ్ నుంచి బయలుదేరతాం. చాచీ కూడా వస్తానంది. అంతస్తుకు ఒక పేజీ చొప్పున చదువుతూ డాబా దాకా ఎక్కాలి. నీ మోకాళ్ళతో ఎలా అమ్మమ్మా, లిఫ్ట్‌లో రా అన్నాను.

"పోవే. ఆరో అంతస్తు దాకా లాక్కొస్తా. అక్కడ మోషే ఉంటాడుగా, తగ్గించమని బతిమాలుకుంటా" అని మేకు మీది డాబా తాళంచెవి తీసి, దిండు పక్కన పెట్టుకుంది.

మేరాజ్ పండుగ నాడు వేసిన రెండు కుర్చీలు ఇంకా ఎదురెదురుగా డాబా మీదే ఉన్నాయి. రేపు ఎండ ముందు అద్దాల ఆఫీసుల మీద పడి, అక్కడి నుంచి వాటి మీద పడే వేళకు మేం పైన ఉంటాం. ఆకుపచ్చ పెన్ను నా దగ్గరుంది.