మాస్టారి రైలుపెట్టెకి అద్దాలు

మా జువాలజీ మాస్టారు పోయారు. బందరులో, పోయిన నెల, పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అలా వెనక్కి వాలారట. కాలేజీ అటెండరు వచ్చి ప్రాక్టికల్ క్లాసులో నా చెవిలో చెప్పాడు. ఆయన దగ్గరే చదువుకుని, ఆయన కిందే ఉద్యోగం చేసినవాణ్ణి. క్లాసు ఆపాలా వద్దా అని కాసేపు తోచలేదు. ఆపితే ఆయనే కోప్పడేవారు. పూర్తి చేసే వెళ్లాను.

పాఠం అద్భుతంగా చెప్పేవారని ఇప్పుడందరూ అంటున్నారు. నిజం చెప్పొద్దూ, మధ్యాహ్నం క్లాసుల్లో సగంమందిమి తూగేవాళ్లం. నాకు బాగా గుర్తున్నది ఆయన చేసిన రైలుపెట్టె. జానెడుంటుంది, టేకుచెక్క. గుడివాడ నుంచి బందరొచ్చే పాసింజరులో మూడో తరగతి పెట్టెకి బొమ్మ. ఆయన భార్య, మేం అమ్మగారు అంటాం, గుడివాడ పుట్టింటి నుంచి కాపురానికి వచ్చింది అలాంటి పెట్టెలోనే. కొన్నేళ్లుగా ఆవిడకి నడుం కింద పట్టు తప్పింది. రైలెక్కడం మాట దేవుడెరుగు, వీధిగుమ్మం కూడా దాటలేరు. "ఆవిడ చూస్తుండగా పూర్తవ్వాలోయ్, నాకింకేం అక్కర్లేదు," అనేవారు మాస్టారు.

చెక్కపని తొందరగానే అయింది. కిటికీల అద్దాల దగ్గర బండి ఆగిపోయింది. మామూలు అద్దం ముక్క పెట్టి చూశారు. "అంత చిన్న కిటికీకి ఇంత మందమా? ఇది అద్దం కాదు, గోడ," అని పీకేశారు. పోనీ ఎక్స్‌రే ఫిల్ము కడిగి పెట్టండి అన్నాన్నేను. "ఈ ఉప్పుగాలికి మూణ్ణెల్లలో పచ్చబడి వంకర తిరుగుతుంది. గాజంటే గాజేనయ్యా," అన్నారు.

చివరికి దొరికింది మా ల్యాబులోనే. మైక్రోస్కోపు కింద పెట్టే ముక్క మీద ఉల్లిపొరంత పల్చటి గాజుబిళ్ల కప్పుతాం, కవర్ స్లిప్ అంటారు. ఆ పల్చదనం కిటికీకి అతికినట్టు సరిపోయింది. కానీ మాస్టారు మంచి స్లిప్పు ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు. "పగలనిది కాలేజీది. పగిలింది చెత్తబుట్టది. బుట్టనడిగి తీసుకుంటాను," అనేవారు.

అంటే పిల్లలు పగలగొట్టాలి, ఆయన కిటికీలు బిగించాలి! కొత్తగా చేరినవాళ్లు మైక్రోస్కోపు గొట్టం దించుతూ దించుతూ తీసుకెళ్లి స్లిప్పు మీదే కూర్చోబెట్టేవారు. టప్‌మనగానే మాస్టారు తిట్టేవారు, తిడుతూనే ముక్కలు దూదిలో చుట్టుకునేవారు. ఇంటికెళ్లి వజ్రపు మొనతో గీత గీసి, గోటితో తట్టి విడదీసేవారు. పెడన అద్దకం వాళ్ల దగ్గర తెచ్చిన తుమ్మబంకని సూదిమొనతో అంచుకి మాత్రం రాసి అంటించేవారు. బంక ఎక్కువైతే అద్దం మసకేస్తుంది. మసకేస్తే పీకి మళ్లీ మొదలు.

ఇలా అయితే అమ్మగారు చూసేదెప్పుడని పిల్లలకి బెంగపట్టింది. ఒక వారం బుట్టనిండా స్లిప్పులు పగిలాయి. మాస్టారు ఒక ముక్క వెలుతురుకి పెట్టి చూశారు. "చేత్తో విరిచిన గాజేదో నాకు తెలీదనుకున్నారట్రా? మంచి మనసుతో పగలగొట్టినా పగలగొట్టడమే," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "అయినా నా అద్దాల పని అయిపోయింది," అన్నారు.

మళ్లీ ఆ బుట్టకేసి చూళ్లేదు. పిల్లలు బావురుమన్నారు. ఎందుకంటే పెట్టెకి ఒక చివర, ఒక్క కిటికీ ఖాళీగానే ఉండిపోయింది. ఆయన పోయిన రోజు కూడా అమ్మగారి మంచం పక్క గూట్లో పెట్టె అలాగే ఉంది. వచ్చినవాళ్లందరూ "పాపం, ఒక్కటి మిగిలిపోయింది," అంటూనే ఉన్నారు. నేనూ అదే అనుకున్నాను.

మొన్న కోడూరు నుంచి కొత్తగా చేరిన కుర్రాడు మైక్రోస్కోపు గొట్టం దించి స్లిప్పు పగలగొట్టాడు. "కావాలని చెయ్యలేదండీ," అని ఏడుపు ఒక్కటే తక్కువ. వాణ్ణి కావలించుకుందామనిపించింది. ముక్క దూదిలో చుట్టుకుని తిన్నగా మాస్టారింటికి వెళ్లాను.

"ఇదేంటయ్యా?" అన్నారు అమ్మగారు.

"ఆ మిగిలిన కిటికీకండీ. నిజంగానే పగిలిందండీ, మాస్టారి మీద ఒట్టు."

ఆవిడ నవ్వారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే చూడ్డం.

"మిగల్లేదయ్యా. నేను కాపురానికొచ్చిన వేళ ఆ కిటికీ అద్దం దించేసి ఉంది. గుడ్లవల్లేరు దాటిందగ్గర్నుంచీ తల బయటపెట్టి కూర్చున్నాను. ఆయన వద్దొద్దంటూనే ఉన్నారు, నేను వింటేనా! బొగ్గునుసి కంట్లో పడింది. కండువా కొస తడిపి ఆయనే తీశారు. అప్పటిదాకా నా మొహంకేసి చూస్తే ఒట్టు, అంత సిగ్గు మనిషికి. పక్క కిటికీకి అద్దం అంటించిన రోజు తెచ్చి నా ఒళ్లో పెట్టి, 'నీ కిటికీ అలాగే ఉంచాను, చూసుకో,' అన్నారు."

"మరి మాతో ఒక్కమాట చెప్పలేదేంటండీ?"

"మీతో చెప్పే మాటా అది?"

దూదిపొట్లం జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఎండ గూట్లోకి వచ్చింది. రైలుపెట్టె కిటికీలన్నీ వరసగా మెరిశాయి. ఆ చివరిదొక్కటీ మెరవలేదు. అమ్మగారు దానికేసే చూస్తున్నారు.