అంగట్లో గట్టిగా చదివిన నా నంబరు

నాకు సదువు రాదు, నేను చెప్తాంటే మనవరాలు రాస్తాంది. కొత్త టీవీకి మా ఇంటి వైఫై పాస్‌వర్డు కావాలని పొద్దున ఆళ్లగడ్డలో సెల్లు అంగడికి పోయినా. అంగడాయప్ప నా సెల్లులోనే వెతికి, "ఈడనే ఉంది లేవ్వా," అని ఎనిమిది అంకెలూ గట్టిగా చదివినాడు. ఆడ ఆరుగురు నిలబడి ఉండారు. నాకు గుర్తుండేది నాలుగంకెలే. వైఫైకి అవే రెండుసార్లు పెట్టించినా, బ్యాంకు కార్డుకూ అవే.

"కాగితం మీద రాసిచ్చింటే సరిపోయేది గదప్పా," అన్నా.

"నీకు సదువు రాదు గదవ్వా, అందుకే చదివినా," అన్నాడు.

అప్పటినుంచి కార్డు కొంగున ముడేసుకొని కూసున్నా. రేపు నంద్యాలలో బ్యాంకుకు పోయి కార్డు నంబరు మార్పిస్తా. కొత్త నాలుగంకెలు ఎట్ల గుర్తుపెట్టుకోవాలో మీరే చెప్పండి. అంకెలు మాత్రం ఈడ రాయొద్దండి.