ఆటస్థలంలో దమ్ము చేశాను

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల మొదట్లో, కొండాపూర్ వెళ్తున్నానంటే నగరంలోని మా బంధువులు పులిహోర పొట్లం చేతికిచ్చి, క్షేమంగా చేరగానే కార్డు ముక్క రాయమనేవారు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట అప్పుడు బండరాళ్లు, తుమ్మచెట్లు, వాటి మధ్య మా ప్రభుత్వ ఆఫీసు ఉండేవి. అందులో నేను కొత్తగా చేరిన ఓవర్సీరును. వయసు ఇరవై రెండు. కోనసీమ రైతు బిడ్డను కనుక, మట్టి గురించి ఇక్కడివాళ్లు నాకు చెప్పేదేమీ ఉండదని గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఆయుష్షు సరిగ్గా మూడు వారాలు.)

మా ఆఫీసు పెద్దను వెనకాల అందరూ బంతి సారు అనేవారు. బాల్ బ్యాడ్మింటన్ అంటే ఆయనకు ప్రాణం. పెరట్లో కోర్టు వేయించి, నగరం నుంచి వచ్చే పెద్ద అధికారి చేత ప్రారంభం చేయించాలని ఆయన కోరిక. ఆ పని నాకు అప్పగిస్తూ, "జర మంచిగ చెయ్యి. నిన్ను పర్మనెంట్ చేసే కాయితం గా సారు చేతులనే ఉంది," అన్నారు. మంచిగా చేసి ఊరుకుంటే పోయేది. నేను గొప్పగా చేద్దామనుకున్నాను. ఆకుపచ్చ రంగు వేసిన కొబ్బరి పీచు చాపలు పరిస్తే దూరానికి పచ్చికలా కనిపిస్తుందని, నీళ్లు పోయక్కర్లేని గడ్డి అని ఆయన్ని ఒప్పించి, చాపలు మా ఊరి వైపు నుంచే తెప్పించాను.

పెరట్లో ఉన్నది గరుకు మొరం నేల. ఇంటి మీద బెంగతో ఉన్నానేమో, ఆ ఎర్రటి నేలను చూస్తేనే నాకు దిగులు. ఎండిన చెరువులోంచి నల్లటి బంకమట్టి బండ్ల మీద తోలించాను. దానికి నీళ్లు పెట్టి, బర్రెలను దించి, మా నాన్న దగ్గర చూసినట్టే దమ్ము చేయించి, పలక లాగించి, అద్దంలా చదును చేయించాను. అందానికి చుట్టూ ఇటుకలతో చిన్న గట్టు కూడా కట్టించాను. ఆరాక రోలర్ తిప్పించి చాపలు పరిపించాను. ఆఫీసు తోటపని చూసే మాలి తాత (అందరం అలాగే పిలిచేవాళ్లం) ఇదంతా బీడీ తాగుతూ చూశాడు.

"వానొస్తే నీళ్లు యాడికి పోవాలె సారూ?" అని అడిగాడు.

"తాతా, మా వైపు పొలాలన్నీ ఇలాగే ఉంటాయి. ఇది నీకు కొత్త, నాకు కాదు," అన్నాను. ఆ రాత్రే ఉద్యోగం ఖాయమైపోయిందని మా అమ్మకు ఉత్తరం కూడా రాసేశాను. ఆవిడ దాన్ని వీధి వీధంతా చదివి వినిపించిందట.

ఆదివారం ప్రారంభమనగా గురువారం ఉదయం వాన దంచి కొట్టింది. తెరిపిచ్చాక వెళ్లి చూస్తే కోర్టు నిండా నీళ్లు, ఒక్క మూల ఎక్కువ లేదు, ఒక్క మూల తక్కువ లేదు. నా చదును అంత బాగా కుదిరింది. చాపలు తేలుతున్నాయి. రంగు దిగి నీళ్లు ఆకుపచ్చగా మారాయి. కప్పలు కూడా వచ్చేశాయి. బంతి సారు గొడుగు పట్టుకుని వచ్చి చూశారు.

"కోర్టు వేయమంటే మడి చేసినవ్. నాట్లు ఎప్పుడేస్తవ్?" అన్నారు. అరిచినా బాగుండేది, మెల్లగానే అన్నారు. "ఆదివారం ఆట కాలేదనుకో, సోమవారం నువ్వు మీ ఊరి బస్సెక్కుడే."

వీధంతా విన్న ఉత్తరం గుర్తొచ్చింది. గోనెసంచి కప్పుకుని నిలబడ్డ మాలి తాత దగ్గరికి వెళ్లి, "ఏం చేద్దాం తాతా?" అన్నాను. అతను ఎగతాళి చేయలేదు. గడ్డపారతో నా అందమైన గట్టును ఒక్క పోటుకు తెగ్గొట్టాడు.

"మీ దిక్కు నీళ్లు నిలవనీకె చేస్తరు సారూ. గీడ పోనీకె చెయ్యాలె," అన్నాడు.

శనివారం సాయంత్రం దాకా తవ్వాం. కోర్టు చుట్టూ మోకాటి లోతు కాలువ తీసి, కంకర రాళ్లతో నింపి, పల్లం వైపు దారి తీశాం. బురదంతా ఎత్తేసి మొరం పోసి, నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా దిమ్మిస కొట్టాం. "బర్రె ఈపు లెక్కుండాలె," అనేవాడు తాత. నా అరచేతులు బొబ్బలెక్కాయి. చివర్న బిందెడు నీళ్లు నడిమధ్య పోసి, నన్ను పక్కన కూర్చుని చూడమన్నాడు. నీళ్లు కాసేపు తటపటాయించి, రెండుగా చీలి, కాలువలోకి దిగిపోయాయి. "ఇగ ఫికర్ లేదు," అన్నాడు. అప్పుడు మళ్లీ చాపలు పరిచాం.

ఆదివారం పొద్దున మళ్లీ వాన పడింది. పది గంటలకల్లా చాపలు కాస్త తడిగా, కింద నేల గట్టిగా ఉన్నాయి. పెద్ద అధికారి ఆడి గెలిచారు (బంతి సారు అంత చెత్తగా ఆడడం నేనెప్పుడూ చూడలేదు). ఆట అయ్యాక, "నీళ్లు పోయే ఏర్పాటు బాగుంది. ఎవరి ఆలోచన?" అని అడిగారు. బంతి సారు నన్ను ముందుకు తోశారు. కాలువ మూతి దగ్గర ఆకులు తీస్తున్న తాత తలెత్తి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచి, "అందరి సహకారంతోనండి," అన్నాను. అంతే. తాత మళ్లీ ఆకులు తీయసాగాడు. ఆ వారమే నా కాగితం వచ్చింది. "మిఠాయి ఏది సారూ?" అని తప్ప అతను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే నాకు ఇంత సిగ్గు మిగిలేది కాదు.

ఇప్పుడు అదే కొండాపూర్‌లో ఐదో అంతస్తులో ఉంటున్నాను. మొన్న మా అపార్ట్‌మెంట్ పెరట్లో పిల్లల కోసం ప్లాస్టిక్ గడ్డి పరిచారు. మొదటి వానకే అది చెరువైంది. నేను చేతికర్రతో దిగి, గడ్డి లేపించి, చుట్టూ కాలువ తీయించి, నడుమ ఎత్తు చేయించాను. (బర్రె వీపంటే అర్థం కాలేదు గాని, స్పీడ్ బ్రేకరంటే అర్థమైంది వాళ్లకు.) బకెట్ నీళ్లు పోస్తే చక్కగా వెళ్లిపోయాయి. "సూపర్ అంకుల్, ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు సెక్రటరీ కుర్రాడు. యాభై ఏళ్లు ఆలస్యంగానైనా మాలి తాత సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అతను ఫోను చూసుకుంటూ తలూపాడు.

సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, డ్రైనేజీ డిజైన్ చేసిన ఐదో అంతస్తు అంకుల్‌కు ధన్యవాదాలని. ఈసారి ఊరుకోకూడదని ఫోను తీసి, అది నాది కాదు, ఫలానా ఆయనదని రాయబోయాను. వేలు ఆగిపోయింది. తాత పేరేమిటో నాకు తెలియదు. అన్నేళ్లు పక్కన పనిచేసి ఒక్కసారి కూడా అడగలేదు. చివరికి 'మాలి తాత' అనే రాసి పంపాను. క్షణంలో ఎవరో అడిగారు, "ఆయనది ఏ ఫ్లాట్ అంకుల్?" అని. గ్రౌండ్ ఫ్లోర్ అని రాశాను.