పాతరలోకి దిగినవాని పేరు

జీవమ్మవ్వ కొత్త మనిషిని చూస్తే మొదట తల వైపు చూసేది. జుట్టు నెరిసి ఉంటే ఇక ఆ మనిషి తప్పించుకోలేడు. పెళ్ళిపందిరి కానీ, పత్తికొండ సంత కానీ, చావింటి వాకిలి కానీ, నేరుగా పోయి అడిగేది.

"ధాత కరువులో మీరు యాడుండిరప్పా?"

చాలామంది విసుక్కునేవాళ్ళు. మా అమ్మయితే "నీకు ఆ కరువు తప్ప వేరే చుట్టాలు లేరా?" అని ఎగతాళి చేసేది. నిజంగానే లేరు. ఆనందం అనే ఆయనతో పెళ్ళయిన నాలుగేళ్ళకే ఆ భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు పుట్టలేదు. మా క్రైస్తవుల వీధిలో మా ఇంటి పక్క గుడిసెలో ఒక్కతే ఉండేది, కలుపు తీసి, పత్తి ఏరి బతికేది. నేను మిషన్ బడిలో పంతులమ్మనైన కొత్తలో పొద్దుగూకితే ఆమె అరుగే నాకు కాలక్షేపం.

ధాత నామ సంవత్సరంలో సీమను ఊడ్చేసిన ఆ కరువు నాటికి ఆమెకు అయిదారేళ్ళు. పడమటి ఊళ్ళ నుంచి తండ్రి ఆమెను భుజం మీద ఎక్కించుకొని నడిచి వచ్చాడు. తల్లి దారిలోనే వాంతిభేదితో పోయింది. మా ఊరు చేరిన కొద్ది రోజులకే తండ్రీ పోయాడు. మిషన్ దొరసాని వచ్చి ఆ బిడ్డను తీసుకుపోయి అనాథల ఇంట్లో పెట్టి జీవమ్మ అని పేరు పెట్టింది. అంతకు ముందు తండ్రి 'బుడ్డీ' అని పిలిచేవాడట. తండ్రి పేరేమిటో ఆమెకు తెలియదు. ఆ వయసు బిడ్డకు నాయన పేరు నాయనే కదా. మిషన్ గుడిలో పెళ్ళినాడు పాదిరి అయ్యగారు తండ్రి పేరడిగితే "నాయన" అన్నదట. అందరూ నవ్వారట. నలభై ఏళ్ళ తర్వాత నాకు ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా అవ్వ కోపంతో వణికిపోయింది.

అవ్వ తండ్రి ఎలా పోయాడో చెప్పాలంటే పాతర గురించి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు తెలియదు. నేలలో గదంత గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, మనిషి దూరేంత మూతిని బండతో, మట్టితో మూసేసేవాళ్ళు. ఏళ్ళ తరబడి గింజ చెడదు. కానీ లోపలి గాలి చెడిపోతుంది. అందుకే మూత తీసిన రోజు ఎవరూ దిగరు. ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు తాడు కట్టి దీపం దించుతారు. దీపం వెలిగితే మనిషి దిగుతాడు. ఆరితే ఆగాలి. ఆ రోజుల్లో మా సీమలో మాటలు నేర్చిన ప్రతి బిడ్డకూ ఇది తెలుసు.

ధాత కరువులో మా ఊరి పెద్దరైతు బసప్ప తన ఇంటి ముందరి పాతరను జనం కోసం తెరిపించాడు. అది నిజం. ఆయన మంచిని కాదంటే నా కళ్ళు పోతాయి. కానీ ఆ రోజు మూతి చుట్టూ ఉన్నవాళ్ళు మర్నాటిదాకా బతుకుతామన్న నమ్మకం లేనివాళ్ళు. అప్పటికప్పుడే దీపం దించారు. ఆరిపోయింది. గుంపులో ఎవరో "గాలికి ఆరిందిలే" అన్నారు. ఇంకొకరు అవునన్నారు. జీవమ్మ తండ్రి తాడు పట్టుకొని దిగాడు. పైకి లాగేటప్పటికి ప్రాణం లేదు. మర్నాడు అదే పాతరలో జొన్నలు తీసి పంచారు. ఊరు బతికింది.

ఆ తర్వాత బసప్ప పాతర తెరిచాడని ఊరంతా చెప్పుకుంది. దిగినవాని సంగతి ఎవరూ ఎత్తలేదు. పైగా పొరుగూరివాడు, మా వీధివాళ్ళ కులంవాడు. ఎవరికి పట్టింది?

పంతొమ్మిది వందల ముప్పయ్యారులో అనుకుంటాను, బసప్ప మనవడు దేవేంద్రప్ప జిల్లా బోర్డుకు నిలబడ్డాడు. పన్ను కట్టేవాళ్ళకే ఓటు. మా వీధిలో పట్టుమని పదిమందికి కూడా లేదు. అయినా ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా వీధిలో అడుగు పెట్టాడు. పాతర ఉండిన చోట తాత పేరిట రాయి నాటిస్తున్నాడట. చుట్టూ ఊళ్ళలో ఆ జొన్నలు తిని బతికిన ముసలివాళ్ళందరినీ పిలుస్తున్నాడట.

"జీవమ్మా, నువ్వొచ్చి మా తాత జొన్నలు తిని బతికితినని ఒక్క మాట చెప్పాల," అన్నాడు.

"ముసిలోళ్ళు అందరూ వస్తారా అప్పా?"

"అందరికీ బండ్లు కట్టిస్తాండా."

"అయితే వస్తా."

ఆయన అటు పోగానే నేను మండిపడ్డాను. "మీ నాయన సచ్చిన తావులో నిలబడి ఆయప్పకు జై కొడతావా అవ్వా? సిగ్గు ల్యా?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆ తావుకు అంతమంది ముసిలోళ్ళు మళ్ళీ యెప్పుడొస్తారు మణీ? నేనింకెన్నేండ్లుంటా? వాళ్ళల్లో ఒక్కరికన్నా మా నాయన పేరు తెలిసుండదా?"



మర్నాడు అవతలి పక్షం తరఫున దావీదురాజు దిగాడు. మావాడే, పత్తికొండలో తెల్లచొక్కా వేసుకొని తిరిగేవాడు. వస్తూనే "స్తోత్రం అవ్వా" అని వంగి దండం పెట్టాడు.

"బసప్పే మీ నాయన్ను పాతరలోకి తోసినాడని సభలో చెప్పు చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"తొయ్యల్యా నాయనా. నేను చూస్తాంటి గదా."

"తోసినట్లే గదవ్వా. జనానికి అట్ల చెబితేనే ఎక్కుతాది."

"జనానికి ఎక్కేదానికి మా నాయన్ను ఇంగోసారి సంపాల్నా?" అని అవ్వ లేచి గుడిసెలోకి పోయి తడిక వేసుకుంది. దావీదురాజు నా వైపు చూశాడు. నేను కూడా లోపలికి పోయాను.

సభ రోజు రాయి ఇంకా నాటకుండా పడుకోబెట్టి ఉంది. దాన్ని చెక్కిన హజరత్ వలి ఉలి పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. బండ్లలో ముసలివాళ్ళు వచ్చారు. దేవేంద్రప్ప తల్లి మహాదేవమ్మ వేరే గూడుబండిలో, తెర వెనుక. ఆ ఇంటి ఆడవాళ్ళు సభలో కనబడరు. దేవేంద్రప్ప తాత గొప్పతనం చెబుతుంటే జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అవ్వను పిలిచాడు.

అవ్వ వేదిక ఎక్కలేదు. ఎక్కమని ఎవరూ అనలేదు. కింద రాయి పక్కన నిలబడి మాట్లాడింది.

"బసప్ప జొన్నలు నేను తింటి. ఆయప్ప పున్యాత్ముడు. ఆ జొన్నల కోసరం ఈ పాతరలోకి దిగి సచ్చినాయన మా నాయన. ఆయన్ను ఎవురూ తొయ్యల్యా. దీపం ఆరినాక, గాలికి ఆరిందిలే అనిరి. అన్నదెవురో నాకు తెల్దు. బసప్ప అన్లేదు. మనమే అంటిమి. ఆకలైతాంది అని నేనూ ఏడిస్తి. నేనేడిస్తే దిగినాడు."

తెల్లారి లేస్తే ఊరి పెద్దల ముందు తల వంచుకొని నడిచే మనిషి, ఊరు మొత్తాన్ని ఎదురుగా నిలబెట్టి ఆ మాట అనేసింది. అందులో తననూ కలుపుకుంది. అంత పెద్ద మనసును నేను మరెక్కడా చూడలేదు, పుస్తకాల్లో కూడా.

"నాకు ఏమీ వద్దు," అన్నదామె. "మా నాయన పేరు నాకు తెల్దు. మీరు పెద్దోళ్ళు, ఆ పొద్దు ఈడుండినోళ్ళు. మీకెవురికన్నా తెలుసునా?"

ఒక్కొక్క ముసలి ముఖాన్నీ చూస్తూ పోయింది. ఒకాయన తల అడ్డంగా ఊపాడు. ఒకామె కొంగుతో ముఖం కప్పుకుంది. దేవేంద్రప్ప "సరే జీవమ్మా, కూర్చో ఇంక," అని మెల్లగా అన్నాడు. ఆమె కూర్చోలేదు. ఇంకా చూస్తూనే ఉంది. ఆ చూపు నేను భరించలేకపోయాను.

అప్పుడు గూడుబండి తెర తొలగింది.

"సుంకన్న," అన్నది మహాదేవమ్మ.

దేవేంద్రప్ప అదిరిపడి "అమ్మా!" అన్నాడు.

"ఊరుకోరా. అరవై ఏండ్లు ఊరుకుంటిమి, సాలు." ఆమె బండిలోంచే అవ్వ వైపు తిరిగింది. "దిగేముందర మా మామ అడిగినాడు, నీ పేరేమిరా అని. నేను అప్పుడు కొత్త కోడల్ని, వాకిలి సందులోంచి చూస్తాంటి. సుంకన్న అన్నాడు. ఇంటికి మచ్చొస్తాదని, ఆ పేరు బయట యాడా ఎత్తగూడదని మా ఇంట్లో కట్టడి. మా మామ మాత్రం సచ్చేదాకా పాతర తెరిసినప్పుడంతా, ఆ పేరు తలుసుకొని దండం పెట్టినాకనే మనిషిని దింపుతాండె."

అవ్వ కదల్లేదు. నేను పరుగున పోయి పట్టుకున్నాను.

"చెప్పవ్వా," అన్నాను. "నువ్వూ అనవ్వా ఒకసారి."

"నాయన్ను పేరు పెట్టి నేను పిలవగూడదు మణీ," అన్నది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే బండి వైపు తిరిగింది. "ఇంగొకసారి చెప్పమ్మా. వింటా."

మహాదేవమ్మ చెప్పింది. బండ్లలో ముసలివాళ్ళు చెప్పారు. ఆ వెనుక నిలబడ్డవాళ్ళు, మా వీధివాళ్ళు, ఊరివాళ్ళు అన్న తేడా లేకుండా అందరూ ఆ పేరు అన్నారు. వేదిక మీద దేవేంద్రప్ప కూడా అన్నాడు. ఓటు కోసం అన్నాడో మనసులోంచి అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. అవ్వ మాత్రం ఆ గొంతు కూడా విని, బిడ్డలా తలాడించింది.